నాలుగో నంబరు మిషను మీద రెండు మీటలు

భయమంటే గుండె దడదడ కొట్టుకోవడం అనుకునేదాన్ని. కాదు. ముందు వేళ్ళ కొసలు చల్లబడతాయి. తర్వాత చెవుల్లో హోరు మొదలవుతుంది. గుండె అనేది ఒకటుందని అన్నిటికన్నా చివర గుర్తొస్తుంది. ఈ సంగతి నాకు పిన్ని ఆపరేషన్ రోజు ఉదయం పది దాటాక, ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో తెలిసింది.

నేను అదే ఆసుపత్రిలో టైపిస్టుని. కింద రికార్డుల గదిలో ఆరు మిషన్లున్నాయి, నాలుగోది నాది. నాదంటే నా పేర రాసిచ్చారని కాదు. తొమ్మిదేళ్ళుగా ఇంకొకళ్ళని దాని ముందు కూర్చోనివ్వలేదు, అంతే. ఆపరేషన్‌కి వచ్చే ప్రతి మనిషికీ ఒక పేజీ షీటు కొడతాం. వయసు, బరువు, బీపీ, షుగరు, ఏ ఆపరేషన్, ఏ డాక్టరు. వీటన్నిటికన్నా ముఖ్యమైన లైను ఒకటుంటుంది, మందుల ఎలర్జీ. వార్డు డాక్టరు చేత్తో రాసిన కాగితం చూసి మేం టైపు చేస్తాం. థియేటర్లోకి వెళ్ళేది మా షీటే. ఆ చేతిరాత కాగితం వార్డు ఫైల్లోనే ఉండిపోతుంది, దాన్ని ఎవరూ పైకి మోసుకెళ్ళరు.

ఎలర్జీ లైను అక్షరం అక్షరం ఎవరూ కొట్టరు, దానికి మీటలున్నాయి. కీబోర్డు పై వరసలో ఎఫ్ ఏడు నొక్కితే 'మందుల ఎలర్జీ ఏమీ లేదు' అని పడుతుంది. ఎఫ్ ఎనిమిది నొక్కితే 'మందుల ఎలర్జీ ఉంది, వార్డు కాగితం చూడాలి' అని పడుతుంది. మనిషి చేతికి కట్టే పట్టీ కూడా ఆ లైనుని బట్టే తయారవుతుంది, లేనివాళ్ళకి తెలుపు, ఉన్నవాళ్ళకి ఎరుపు. ఐదు మిషన్ల మీద ఇదే పద్ధతి. నాలుగో దాని మీద మాత్రం తిరగేసి ఉంటుంది. తిరగేసింది నేనే.

ఊరికే తిరగెయ్యలేదు. నా కుడి చూపుడు వేలు మూడేళ్ళ కిందట బస్సు తలుపులో పడి నలిగింది. ముడుచుకుంటుంది కానీ పైకి చాచలేను. ఎఫ్ ఏడు చూపుడు వేలి వాటా. 'ఉంది' అనేది రోజుకి రెండు మూడు సార్లు కొడితే గొప్ప, 'లేదు' నలభైసార్లు కొట్టాలి. సాయంత్రానికి ఆ వేలు ప్రాణం తోడేసేది. మా కంప్యూటరాయన్ని అడిగాను, కాస్త ఈ రెండూ అటూ ఇటూ మార్చిపెట్టండి బాబూ అని. ఆయన గోడకి అంటించిన కాగితం వైపు వేలు చూపించాడు. సెట్టింగులు ఎవరూ ముట్టుకోరాదని దాని మీద రాసి ఉంది. మనిషి వేలికన్నా కాగితం ఎక్కువైపోయింది ఆయనకి.

నాకు తిక్క రేగింది. తిక్క రేగితే నేను నోరు పారేసుకోను, పని చేసేస్తాను. రెండు మధ్యాహ్నాలు తిండి మానేసి కూర్చుని, ఆ మిషనులో ఏది ఎక్కడ దాగుందో వెతికి, నా లాగిన్‌కి మాత్రమే వర్తించేట్టు మార్చుకున్నాను. 'లేదు' ఎఫ్ ఎనిమిదికి వచ్చింది, నడిమి వేలికి. 'ఉంది' ఎఫ్ ఏడుకి పోయింది. అంతటితో ఆగానా? చెయ్యి రుచి మరిగింది కదా. అక్షరాల అమరిక కూడా నా వేళ్ళకి వీలుగా జరుపుకున్నాను. ఎవరైనా తనిఖీకి వస్తే ఆల్ట్, షిఫ్ట్ కలిపి ఒక్క నొక్కు నొక్కితే చాలు, అక్షరాలు బుద్ధిమంతుల్లా మామూలు చోట్లకి వెళ్ళి కూర్చునేవి. ఎఫ్ మీటలకి మాత్రం ఆ నొక్కు పనిచెయ్యదు, అవి వేరే ప్రోగ్రాము కిందికి వస్తాయి. మూడేళ్ళు ఎవరూ పట్టుకోలేదు. లోలోపల నాకు బోలెడంత గర్వంగా ఉండేది.

ఇక పిన్ని. పిన్నంటే మా అమ్మ చెల్లెలు, అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. బట్టలు కుడుతుంది. మా అమ్మడు ఆసుపత్రిలో కాయితాలు తయారుచేస్తుంది, అది కొట్టిన కాయితంలో ఒక్క అక్షరం తప్పుండదు అని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. అది కూడా కొలతలు తీసేటప్పుడు చెబుతుంది. టేపు చుట్టి ఉన్న మనిషి ఎటూ పారిపోలేదు కదా, వినాల్సిందే.

ఆవిడకి పిత్తాశయంలో రాళ్ళు. చిన్న ఆపరేషనే, మర్నాడు ఇంటికి పంపించేస్తాం అన్నారు. నా భయం ఆపరేషన్ గురించి కాదు. పిన్నికి ఒక మందు పడదు. పన్నెండేళ్ళ కిందట పంటి కింద చీము పడితే ఒక ఇంజెక్షన్ వేశారు. పది నిమిషాల్లో పెదవులు వాచిపోయాయి, కళ్ళు మూసుకుపోయాయి, గొంతులో ఊపిరి కీచుమంటోంది. నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో గోళ్ళు దిగేలా పట్టుకుంది కానీ మాట రాలేదు. ఎలాగో బతికించి, ఇంకోసారి ఇది ఒంట్లోకి వెళ్తే ఈ పది నిమిషాలు కూడా దొరకవు అని చెప్పాడు ఆ డాక్టరు. ఇప్పుడు ఆపరేషన్లలో కోత పెట్టబోయే ముందు అందరికీ నరానికి ఎక్కించేది ఆ కోవ మందే. అందుకే వార్డు డాక్టరు రాస్తున్నప్పుడు పక్కన నిలబడి, ఆ మందు పేరు పెద్దగా రాయించి, కింద రెండు గీతలు కొట్టించాను. ఇంక ఫరవాలేదు అనుకున్నాను.

పిన్ని కోసం సెలవు పెట్టాను కాబట్టి నా బదులు మాష్టారు వచ్చారు. మాష్టారంటే నాకు టైపు నేర్పిన మాష్టారే. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక మా గదిలో ఎవరు సెలవు పెట్టినా ఆయనే వస్తుంటారు. డెబ్భై దగ్గరపడినా ఆ వేగం మాలో ఒక్కళ్ళకీ లేదు. ఆయన పాఠమంతా కలిపితే ఒక్క ముక్క. కళ్ళు కాగితం మీద ఉండాలి, వేళ్ళు మీటల మీద ఉండాలి, కొట్టినదాని వైపు చూడకూడదు. చూసినవాళ్ళ వేళ్ళ మీద స్కేలు పడేది. నాకూ పడింది. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆయన తన పద్ధతి మార్చుకోలేదు, తెర చూస్తూ కొట్టేవాళ్ళని టైపిస్టుల్లో జమకట్టరు.

ఆయన లాగిన్ గడువు అయిపోయిందట, కొత్తది రావడానికి వారం పడుతుందట. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి అడిగితే నా పాస్‌వర్డు చెప్పాను. కుర్చీ వెనక్కి వాలితే ఊగుతుంది జాగ్రత్త అన్నాను. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే ఎటు లాగాలో చెప్పాను. అక్షరాలు తేడాగా పడుతుంటే ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కండి మాష్టారూ అని కూడా చెప్పాను. ఆ రెండు మీటల సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, అసలు గుర్తే లేదు. మూడేళ్ళుగా నా వేళ్ళకి అవి అక్కడే ఉన్నాయి, వాటిని నేను మార్చానన్న సంగతే బుర్రలోంచి చెరిగిపోయింది.

ఆ ఉదయం బాబాయీ నేనూ కింద ఒప్పుకోలు కాగితం మీద సంతకాలు పెట్టి వార్డుకి వచ్చేసరికి నర్సు చేతిపట్టీలు కట్టడం ముగించి వెళ్ళిపోతోంది. వెళ్తూ సణుక్కుంటోంది, ఎర్ర పట్టీల చుట్ట అయిపోవచ్చిందట, ఇవాళ వచ్చినవాళ్ళందరికీ ఏదో ఒకటి పడదట. నిజంగానే చుట్టూ మంచాల మీద అన్నీ ఎర్ర పట్టీలే. పిన్ని చలికి దుప్పటి మెడదాకా లాక్కుని పడుకుంది. అందరూ కూడబలుక్కుని వచ్చినట్టున్నారే అని నేనన్నాను, ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పదింటికి స్ట్రెచర్ వచ్చింది. పిన్ని చెవి దుద్దులు తీసి నా గుప్పిట్లో పెట్టి, బాబాయికి ఆకలేస్తే తినిపించమని చెప్పింది, ఆయనేదో పసివాడైనట్టు. లిఫ్టు దాకా పక్కనే నడిచాం. తలుపులు దగ్గరపడుతుండగా దుప్పట్లోంచి చెయ్యి తీసి ఊపింది. చేతికి తెల్ల పట్టీ ఉంది.

తలుపులు మూసుకున్నాయి. బాబాయి ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ బల్ల మీద కూలబడ్డాడు. నేను అక్కడే నిలబడిపోయాను. ఎర్రవి అయిపోయి ఉంటాయి, అందుకే తెల్లది కట్టి ఉంటారు, పైన మారుస్తారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. మనసు ఒప్పుకోలేదు. వార్డులోకి వెళ్ళి పక్క మంచం పెద్దాయన్ని, మీకే మందు పడదండీ అని అడిగాను. నాకు పడని మందే లేదమ్మా, పడనిదల్లా మా అల్లుడొక్కడే అన్నాడు. అవతలి మంచం ఆవిడ కూడా నాకేం లేవు, ఈ ఎర్రది ఎందుకు కట్టారో ఏమో అంది. ఆ పక్కావిడా అంతే. వార్డులో ఏ ఎలర్జీ లేనివాళ్ళందరికీ ఎరుపు. పడని మనిషి ఒక్కతికీ తెలుపు.

అప్పుడు వేళ్ళు చల్లబడ్డాయి. వరండాలోకి వచ్చి మాష్టారికి ఫోన్ చేశాను. నొక్కాల్సిన నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను, నేను, తొమ్మిదేళ్ళ టైపిస్టుని.

"మాష్టారూ, పొద్దున షీట్లు ఎవరి మిషను మీద కొట్టారు?"

"నీదాని మీదేనమ్మా. పదకొండు అయ్యాయి. మొదట అక్షరాలు గందరగోళం చేశాయి, నువ్వు చెప్పిన రెండూ కలిపి నొక్కాను, దారికొచ్చాయి."

"మా పిన్ని ఎలర్జీ లైనుకి ఏం నొక్కారు?"

"ఎఫ్ ఎనిమిది. కింద రెండు గీతలు కొట్టుంటే చూడకుండా ఎలా ఉంటాను?"

"తెర మీద ఏం పడిందో చూశారా?"

"తెర చూడమని నేనెప్పుడు నేర్పానమ్మా నీకు?" అన్నారు నెమ్మదిగా.

థియేటర్ ఐదో అంతస్తులో ఉంది. లిఫ్టు పిన్నిని దించి పైనే ఆగిపోయింది, మీట ఎంత నొక్కినా కిందికి రాదు. బాబాయి ఏమైందమ్మా, ఏమైందమ్మా అంటూ లేచాడు. ఆయనకి జవాబు చెప్పే తీరిక లేదు. మెట్లెక్కాను. కడిగిన మెట్లు, ఇంకా తడిగా ఉన్నాయి. మొదటి మలుపులో జారి మోకాలు కొట్టుకుంది. గుప్పిట్లో దుద్దులు గుచ్చుకుంటున్నాయి. చెయ్యి విప్పితే అవి పడిపోతాయని, పడితే ఏదో అయిపోతుందని పిచ్చి భయం, అలాగే బిగించి ఎక్కాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నాలుగో అంతస్తు మలుపులో నాకు ఉద్యోగం గుర్తొచ్చింది. అంత హడావిడిలో, పిన్ని ప్రాణం పైన వేలాడుతుంటే, నా బుర్ర తీరిగ్గా లెక్క చూసుకుంది. తలుపు కొట్టి, మా పిన్నికి ఫలానా మందు పడదు అంటే చాలు కదా, మీటల సంగతి ఎందుకు? మాష్టారు పొరపడ్డారని అనుకుంటారు. పెద్దాయన, నాలుగు రోజుల పనికి వచ్చిన మనిషి, ఆయన్ని ఎవరేమంటారు? ఇంత ఆలోచన నాకు నాలుగు మెట్ల మీద వచ్చింది. నేనెలాంటిదాన్నో నాకు ఆ నాలుగు మెట్ల మీదే తెలిసింది.

థియేటర్ తలుపు పక్కన గంట ఉంటే వదలకుండా నొక్కాను. ముక్కూ నోరూ కట్టుకున్న నర్సు ఒకావిడ తలుపు జానెడు తెరిచి, ఇక్కడ నిలబడకూడదని చెప్పింది. ఇప్పుడు లోపలికి తెచ్చినావిడకి ఆ మందు పడదని పేరుతో సహా చెప్పాను. ఆవిడ చేతిలో ఉన్న షీటు చూసింది. నా షీటే, నాలుగో మిషనుదే, దాని మీద ఏముందో నాకు చూడకుండానే తెలుసు.

"ఏమీ లేదనే ఉందమ్మా. పేషెంటుని కూడా అడిగాం. షీటులో ఎలా ఉంటే అలాగే అన్నారు. కంగారు పడకండి, వెళ్ళి కూర్చోండి" అంది. తలుపు మూసుకోబోతోంది.

రోజూ ఇలా వచ్చి ఏడ్చేవాళ్ళు ఎందరో ఉంటారు. ఆవిడ నమ్మింది కాగితాన్ని. నమ్మమని తొమ్మిదేళ్ళుగా ఆ కాగితాలు పంపింది నేనే. పడదు పడదు అని ఎంత మొత్తుకున్నా ఆ తలుపు ఆగదు. తలుపు సందులో చెయ్యి పెట్టాను, నలిగిన వేలున్న చెయ్యే.

"షీటు తప్పండీ. నేను కింద టైపిస్టుని. నాలుగో మిషను మీద 'ఉంది', 'లేదు' మీటలు నేనే మార్చాను, ఎవరికీ చెప్పకుండా. ఇవాళ వచ్చిన పదకొండు షీట్లూ తిరగేసి ఉన్నాయి. వార్డులో అందరికీ ఎర్ర పట్టీలు ఎందుకున్నాయో ఫోన్ చేసి కనుక్కోండి. ముందు ఆ ఇంజెక్షన్ ఆపండి."

ముక్కుగుడ్డ పైన ఆవిడ కళ్ళు మారాయి. వెనక్కి తిరిగి పరుగెత్తింది. తలుపు దానంతటదే మూసుకుంది.

తలుపులో గుండ్రటి అద్దం ఉంది కానీ అవతల ఒక పచ్చ తెర తప్ప ఏమీ కనపడదు. నేను ఆ తెర వైపే చూస్తూ నిలబడ్డాను. లోపల ఎవరో గట్టిగా ఏదో అన్నారు. ఇనప పళ్ళెంలో ఏదో పడిన చప్పుడు వచ్చింది. తర్వాత చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం ఇంకా భయం. పన్నెండేళ్ళ కిందటి కీచు ఊపిరి నా చెవుల్లో వినపడుతోంది, అది లోపల్నించి వస్తోందో నా తలలోంచి వస్తోందో తెలియలేదు. ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తోచలేదు. మీటలు రెండూ కళ్ళముందు కనపడుతున్నాయి, ఏడు, ఎనిమిది. వాటి మధ్య చిటికెన వేలి గోరంత ఎడం కూడా లేదు. మూడేళ్ళు దాన్ని చూసుకుని గర్వపడ్డాను. బాబాయి ఆయాసపడుతూ పైకి వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

నాలుగు నిమిషాలని తర్వాత చెప్పారు. నర్సు బయటికొచ్చి ముక్కుగుడ్డ కిందికి లాక్కుంది. ఆవిడ కూడా చెమటతో తడిసి ఉంది.

"సూది సెలైన్ గొట్టానికి గుచ్చారు, ఇంకా నొక్కలేదు. తీసేశాం. వేరే మందు ఇస్తున్నారు."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. గుప్పిట విప్పితే అరచేతిలో దుద్దుల అచ్చు ఎర్రగా పడి ఉంది.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఆపరేషన్లు గంటసేపు ఆపారు. కంప్యూటరాయన పరుగున వచ్చి నా సెట్టింగులన్నీ తుడిచేశాడు. ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. పెద్ద డాక్టరు జరిగిందంతా రాసిమ్మన్నారు, విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు. రాసిచ్చాను, ఉన్నదున్నట్టు, మాష్టారి తప్పు ఇందులో ఏమీ లేదని రెండుసార్లు రాశాను. కాగితం ఇచ్చి వస్తూ రికార్డుల గది తలుపులోంచి చూస్తే ఆయన నాలుగో మిషను ముందే కూర్చుని ఉన్నారు. పదకొండు షీట్లూ మళ్ళీ కొడుతున్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ముఖం తెరకి ఆనించి, ఒక్కో మాట కొట్టడం, అది పడిందో లేదో చూసుకోవడం, మళ్ళీ ఇంకోటి. ఆయన వేగం చూసి పెరిగినదాన్ని నేను. లోపలికి వెళ్ళి పలకరించే ధైర్యం రాలేదు.

మధ్యాహ్నం పిన్నిని వార్డుకి తెచ్చారు. తెలివి వచ్చీ రానట్టుగా ఉంది. పెదవులు ఎండిపోయాయి, వాపు లేదు. ఎన్నిసార్లు చూశానో ఆ పెదవుల్ని. తడి దూదితో అద్దుతుంటే కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"పైన అడిగారే అమ్మడూ, నీకే మందైనా పడదా అని. నేనెందుకు చెప్పాలి? మా పిల్ల కొట్టిన కాయితం మీ చేతిలోనే ఉంది, చూసుకోండి, అందులో ఎలా ఉంటే అలాగే అన్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "దాంట్లో ఒక్క అక్షరం తప్పుండదని కూడా చెప్పాను."

"తప్పుంది పిన్నీ. నా వల్లే పడింది. ఇకమీదట ఎవరడిగినా నీ నోటితో నువ్వే చెప్పు" అన్నాను.

ఆవిడ చెయ్యి ఎత్తి, కొత్తగా కట్టిన ఎర్ర పట్టీని చూడకుండానే, నా నలిగిన వేలు పట్టుకుంది.

"ఊరుకోవే" అంది కళ్ళు మూసుకుంటూ. "నీ కాయితంలో తప్పేంటి?"